ఏడవసారి మునిగే వరకు



ఈ నెల లెక్కల గురించి వ్రాయదలచాము. కాన్సరు వచ్చినవారికి లెక్కలతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉన్నది. ఆ లెక్క తెలియక మన సంఘములలో ప్రాణములు పోవుచున్నవి.

తరచుగా జరిగేది ఇది. ఒక సహోదరికి రొమ్ములో గడ్డ. డాక్టరుగారు ఆరుసార్లో ఎనిమిదిసార్లో కీమో ఎక్కించాలంటారు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థిస్తుంది. రెండుసార్లు ఎక్కించేసరికి గడ్డ చేతికి తగలదు. ఆదివారము సాక్ష్యము చెప్పిస్తాము, అందరమూ స్తోత్రమంటాము. ఈలోగా జుట్టు రాలింది, అన్నము సయించదు, అప్పు పెరిగింది, నాట్ల రోజులు వచ్చాయి. "దేవుడు ముట్టాడు గదా, ఇంకా పట్నము ఎందుకు?" అని ఇంట్లో ఎవరో అంటారు. ఆమె మానేస్తుంది. కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు ఆమె విశ్వాసమునే అనుమానిస్తారు.

తప్పు విశ్వాసములో లేదు, లెక్కలో ఉంది. ఒక కాన్సరు కణము రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా 30 సార్లు రెట్టింపైతే 100 కోట్లు దాటుతాయి. అన్నీ కలిసి పెద్ద శనగగింజంత గడ్డ. 1964లో అమెరికాలో హోవార్డ్ స్కిప్పర్, ఆయన తోటివారు ఎలుకల రక్త కాన్సరుమీద పరిశోధించి ఒక సంగతి చూపించారు. ఒక మోతాదు మందు ఇన్ని కణములని లెక్కపెట్టి చంపదు, నూటికి ఇన్ని అనే వంతున చంపుతుంది.

పలక తీసుకొని వేసి చూడండి. 100 కోట్లలో నూటికి 99 చస్తే కోటి మిగులుతాయి. రెండవ మోతాదుకు లక్ష, మూడవదానికి వెయ్యి, నాల్గవదానికి పది. రెండవసారికే గడ్డ చేతికి తగలదు, కాని లోపల లక్ష ఉన్నాయి! మనిషి శరీరములో లెక్క ఇంత సూటిగా నడవదు. కొన్ని కణములు మందుకు లొంగవు, మోతాదుకు మోతాదుకు మధ్య మిగిలినవి పెరుగుతాయి. అందుచేత మధ్యలో ఆపడము మరీ ప్రమాదము.

మిగిలినవి ఎంత వేగముగా పెరుగుతాయి? దీనికి జవాబు ఇచ్చిన లెక్క వైద్యుల దగ్గర పుట్టలేదు. లండనులో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే యూదుడుండేవాడు. యూదుడైనందున విశ్వవిద్యాలయములో చేరే వీలు లేక గణితము సొంతగా నేర్చుకొన్నాడు. 1825లో మనుష్యుల మరణముల లెక్కకు ఒక సూత్రము కట్టాడు. అది జీవిత బీమావారికి పనికివచ్చింది. 1964లో అన్నా లైర్డ్ అనే శాస్త్రజ్ఞురాలు కాన్సరు గడ్డల పెరుగుదలకు అదే సూత్రము సరిపోతుందని చూపింది. పొలములో తుంగ చూడండి. చేనంతా నిండినప్పుడు పెరగటానికి చోటు ఉండదు. పైపైన పీకి వదిలితే మట్టిలో మిగిలిన గడ్డలు ఖాళీ చూసుకొని త్వరత్వరగా అల్లుకొంటాయి. కాన్సరూ అంతే. పెద్ద గడ్డ నెమ్మదిగా, చిన్న శేషము వేగముగా పెరుగుతుంది.

1977లో లారీ నార్టన్, రిచర్డ్ సైమన్ అనే ఇద్దరు ఈ లెక్కనుబట్టి, గడ్డ తగ్గినప్పుడు చికిత్స సడలించకూడదని చెప్పారు. రొమ్ము కాన్సరు చంకలోని గ్రంథులకు పాకిన సుమారు 2 వేలమంది స్త్రీలతో అమెరికాలో పరీక్షించి, 2003లో ఫలితము ప్రకటించారు. అవే మందులు, అవే మోతాదులు. మూడు వారములకొకసారి కాక రెండు వారములకొకసారి ఇచ్చినప్పుడు వ్యాధి తిరగబెట్టడము తగ్గింది, మరణములు తగ్గాయి. ఇది అందరికీ తగినది కాదు, ఎవరికి ఎలాగన్నది డాక్టరే నిర్ణయించాలి. మనము నేర్చుకోవలసినది, మందుతోపాటు వేళ కూడా చికిత్సేనని.

మనవాళ్లు "కరెంటు పెట్టించుకోవడము" అనే చికిత్సలోనూ అంతే. అక్కడ భౌతికశాస్త్రము చదివినవారు కూర్చొని ఏ దిక్కునుండి, ఎంత కిరణము, ఎన్ని రోజులు అని లెక్క కడతారు. పండుగకనీ పెండ్లికనీ రోజులు ఎగగొడితే ఆ లెక్క చెడుతుంది. ఇటువంటి మేలు చూచియే 2009లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ భౌతికశాస్త్రజ్ఞులను, గణితజ్ఞులను, ఇంజనీర్లను వైద్యులతో కలిపి 12 కేంద్రములు మొదలుపెట్టింది.

రెండవ రాజుల గ్రంథము ఐదవ అధ్యాయములో నయమానును జ్ఞాపకము చేసికొనండి. ప్రవక్త చెప్పిన లెక్క ఏడు. ఆరుసార్లు మునిగి గట్టెక్కి ఉంటే ఏమయ్యేదో లేఖనము చెప్పదు, ఎందుకంటే అతడు గట్టెక్కలేదు. మొదట కోపగించినా, చివరకు లెక్క పూర్తిచేశాడు. అతని విశ్వాసము ఆ విధేయతలోనే కనబడింది. అలాగే హిజ్కియా రాజు ప్రార్థన ఆలకించబడిన తరువాత కూడా అతని పుండుమీద అంజూరపుపండ్ల ముద్ద వేశారు. ప్రార్థన మందును కొట్టివేయలేదు.

కాబట్టి తోటి కాపరులకు మా మనవి. సాక్ష్యము చెప్పించండి, ఆ వెంటనే "ఇంకా ఎన్నిసార్లు ఎక్కించాలమ్మా?" అని అడగండి. ఇంటివారలారా, కీమో నడుస్తుండగా జ్వరము వస్తే తెల్లవారేదాకా చూడక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. వాంతులు, నీరసము తాళలేకపోతే డాక్టరుతో చెప్పండి, చెప్పకుండా మానివేయవద్దు. సంఘస్థులారా, ఆమె బస్సు చార్జీ కానుకలలోనుండి ఇవ్వండి, ఆమె మడిలో ఒక పూట నాట్లు వేయండి, ఆమె బిడ్డలకు అన్నము పెట్టండి. అది కూడా ప్రార్థనే.

ఏడవసారి మునిగే వరకు ఆమె చేయి పట్టుకొందము. స్వస్థపరచు దేవుడు మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.