కంచె వేసిన తోటలో ఏమి కాసింది?



సంఘ పత్రికలో సినిమాల మాట ఏమిటని మన పెద్దలలో కొందరు అనుకోవచ్చు. సినిమా హాలు గడప తొక్కని కుటుంబాలు మన సంఘాలలో ఇప్పటికీ ఉన్నాయి. అయితే మనము హాలుకు వెళ్లకపోయినా, టీవీలో నుండి, చేతిలోని ఫోనులో నుండి సినిమాయే మన ఇంటికి వచ్చి కూర్చున్నది. అందుచేత ఒక దూరదేశపు క్రైస్తవ ప్రజల క్రిస్మస్ అలవాటును ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను. అందులో మన ఇండ్లకు ఒక పాఠమున్నది.

ఆ దేశము ఫిలిప్పీన్స్. ఆసియాలో క్రైస్తవులు అధిక సంఖ్యలో ఉన్న దేశాలలో అదే పెద్దది. వారిలో ఎక్కువ మంది రోమన్ కథోలికులు. డిసెంబరు 16 నుండి 24 వరకు తొమ్మిది రోజులు తెల్లవారకముందే లేచి గుడికి వెళ్తారు. 24వ తేదీ రాత్రి ఆరాధన ముగించుకొని ఇంటిల్లిపాదీ కలిసి భోజనము చేస్తారు. మరునాడు పిల్లలు తమ జ్ఞానతల్లిదండ్రుల ఇండ్లకు వెళ్లి, వారి చేతిని నుదుటికి ఆనించుకొని దీవెన పొందుతారు. దీవెనతో పాటు కొంత డబ్బు కూడా చేతిలో పడుతుంది. ఆ పండుగ డబ్బుతో పిల్లలు, పెద్దలు కలిసి సినిమాకు వెళ్లడము అక్కడ ఎన్నో ఏండ్ల ఆనవాయితీ.

విశేషమేమిటంటే, ఆ రోజున అక్కడి హాళ్లలో హాలీవుడ్ చిత్రాలు దాదాపుగా కనబడవు. డిసెంబరు 25 నుండి జనవరి మొదటి వారము వరకు మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతుంది. ఎంపికైన ఎనిమిదో పదో స్వదేశ చిత్రాలకే ఆ రోజులలో హాళ్లు ఇస్తారు. ఎంత పెద్ద అమెరికా చిత్రమైనా ఆ రోజులు గడిచేవరకు బయట ఆగవలసిందే.

ఈ కట్టుబాటు ఎందుకు వచ్చింది? ఆ దేశము మూడు వందల ఏండ్లకు పైగా స్పెయిన్ ఏలుబడిలోను, తరువాత 1898 నుండి 1946 వరకు ఎక్కువ కాలము అమెరికా చేతిలోను ఉన్నది. బడులలో ఇంగ్లీషు నేర్చిన ప్రజలు గనుక హాలీవుడ్ చిత్రము డబ్బింగ్ లేకుండానే వారికి అర్థమవుతుంది. నగరములోని పెద్ద హాళ్లన్నీ విదేశీ చిత్రాలతోనే నిండిపోయేవి. 1966లో మనీలా మేయరు ఆంటోనియో విల్లేగాస్ నగర ఉత్సవపు రోజులలో ఆ హాళ్లు ఫిలిప్పీనో చిత్రాలే ఆడాలని పట్టుబట్టాడు. ఆ బాటలోనే 1975లో ఇప్పటి ఉత్సవము మొదలై, కొద్ది కాలములోనే క్రిస్మస్ రోజులకు మారింది. ఇటువంటి వాదము మనకూ కొత్త కాదు. సంక్రాంతికి డబ్బింగ్ చిత్రాల కంటే తెలుగు చిత్రాలకే ముందుగా హాళ్లు ఇవ్వాలని 2022 నవంబరులో మన నిర్మాతల మండలి కోరిన సంగతి మీలో చాలామందికి గుర్తుండవచ్చు.

బలవంతుని ఎదుట బలహీనునికి కొంత చోటు కేటాయించడము న్యాయమే. పైరుకు కంచె వేయని రైతు ఎవరు? అయితే కంచె లోపల ఏమి పండిందన్నది వేరే ప్రశ్న.

ఆ తోటలో రెండు రకాల పంటా పండింది. పోటీ లేదు, పిల్లల చేతిలో డబ్బున్నదని చెప్పి, దయ్యాల కథలు, వెకిలి హాస్యము, ఒకే సినిమాకు భాగము వెనుక భాగము తీసినవారు ఉన్నారు. అదే కంచె నీడలో మంచి ఫలము కూడా కాసింది. 1976లో ఈ ఉత్సవములో ఆడిన ఇన్సియాంగ్ అనే చిత్రము మురికివాడలో ఒక పిల్ల పడిన అన్యాయాన్ని చూపింది. 1978లో అది ఫ్రాన్సులోని కాన్ ఉత్సవానికి వెళ్లింది.

1982లో హిమాలా అనే చిత్రము వచ్చింది. ఆ మాటకు అద్భుతమని అర్థము. కరువు పడిన ఊరిలో ఒక యువతి తనకు మరియమ్మ కనబడిందని చెబుతుంది. రోగులు బారులు తీరుతారు. ఊరిలో వ్యాపారము పెరుగుతుంది, దానితో పాటు పాపమూ పెరుగుతుంది. చివరకు ఆమె జనసమూహము ముందు నిలిచి అద్భుతమేదీ జరగలేదని చెప్పి, అక్కడే తుపాకి గుండుకు బలి అవుతుంది. మన దేవుడు అద్భుతములు చేయు దేవుడని మనము నమ్ముతున్నాము. అయినా స్వస్థత పేరున డబ్బు పోగవుతున్న చోట ఈ కథ మనలను కూడా ఆలోచింపజేస్తుంది.

2016లో ఉత్సవ పెద్దలు లాభము చూడక మంచి చిత్రాలనే ఎన్నుకున్నారు. ఆ ఏడు ఉత్తమ చిత్రముగా నిలిచినది సండే బ్యూటీ క్వీన్. అది కల్పిత కథ కాదు, నిజ జీవితాల చిత్రము. హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్లిన ఫిలిప్పీనో స్త్రీలు, వారానికి దొరికే ఒక్క సెలవు రోజున ఒకచోట చేరి తమ కష్టము మరచే సంగతి అందులో ఉన్నది. కువైట్‌కు తల్లిని పంపిన కడప, గోదావరి జిల్లాల కుటుంబాలకు ఈ కథ వివరించి చెప్పనక్కరలేదు. కాని ఆ ఏడు వసూళ్లు తగ్గాయి. మరుసటి ఏడు జనాదరణను కూడా లెక్కలోకి తీసుకొని చిత్రాలను ఎంపిక చేశారు. ఆ తరువాత 2023 ఉత్సవములో వసూళ్లు 100 కోట్ల పెసోలు దాటాయి. బయటివారిని ఆపడానికి ఒక చట్టము చాలును. లోపలివారు మంచిని కోరుకొనేటట్లు చేయడానికి ఏ చట్టమూ చాలదు.

యెషయా గ్రంథము అయిదవ అధ్యాయము తెరచి చూడండి. దేవుడు ద్రాక్షతోట కోసము నేల త్రవ్వాడు, రాళ్లు ఏరాడు, మంచి తీగెలు నాటాడు. కావలికి లోటు లేదు. తీరా కోతకాలమున చూస్తే కారుద్రాక్షలు! ఆయన దుఃఖము కంచె కొరకు కాదు, కాపు కొరకు.

మన ఇండ్లలో కూడా కంచెలున్నవి. సినిమాకు వెళ్లరాదు, ఆదివారము టీవీ పెట్టరాదు, ఫోను ముట్టరాదు అంటాము. మంచిదే. అయితే ఖాళీ చేసిన ఆ గంటలో పిల్లలకు ఏమి ఇస్తున్నాము? తాతమ్మ తన సాక్ష్యము చెబుతున్నదా? నాన్న దావీదు కథ రుచిగా చెబుతున్నాడా? ఏమీ లేకపోతే ఆ పిల్లవాడు గోడ దూకి వెళ్లి చూస్తాడు. మన క్రిస్మస్ వేదికనే తీసుకోండి. సినిమా వద్దన్న సంఘములోనే సినిమా బాణీలో కట్టిన పాటకు సండేస్కూలు పిల్లలు అడుగులు వేస్తున్నారు. హేరోదు సైనికులు హాస్యనటులను అనుకరిస్తే చప్పట్లు మ్రోగుతున్నవి. అది ఏ పండు?

యౌవనస్థులారా, ఈ ఏడు నాటకము మీరే వ్రాయండి. సత్రములో చోటు దొరకని మరియ యోసేపులను మన ఊరి మాటలతో చూపించండి. తల్లి గల్ఫులో ఉండగా పండుగ చేసుకొనే పిల్లల బాధను చూపించండి. పెద్దలారా, తప్పులు పట్టడానికి కాక, ముందు వరుసలో కూర్చొని ప్రోత్సహించడానికి రండి. అది పట్నపు సినిమా అంత మెరవకపోవచ్చును గాని మన నేలలో పండిన పంట అవుతుంది.

మన గృహముల చుట్టూ కంచె వేసిన దేవుడు, వాటిలో మంచి ఫలములు కూడా ఫలింపజేయును గాక. ఆమేన్.