చానల్ ఎవరిది, తీగ ఎవరిది?

2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ తరువాత కొద్ది రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఇళ్లలో టీవీ9, ఎన్టీవీ, 10టీవీ, సాక్షి కనిపించకుండా పోయాయి. ఆ చానళ్లేవీ మూతపడలేదు, చేతులూ మారలేదు. స్టూడియోల్లో యాంకర్లు వార్తలు చదువుతూనే ఉన్నారు, ఉపగ్రహం నుంచి సిగ్నల్ దిగుతూనే ఉంది. అది ఆగింది కేబుల్ దగ్గర. వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ప్రసారాలు పునరుద్ధరించాలని ఆ నెలలోనే కోర్టు కేబుల్ సంస్థలను ఆదేశించింది.

టీవీ యాజమాన్యం అనగానే అందరూ చానళ్ల లెక్కే తీస్తారు. ఆ లెక్కా చిన్నదేమీ కాదు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభించారు. 2014 నాటికి తెలుగు ఈటీవీలో 24.5 శాతం వాటా, ఇతర భాషల ఈటీవీ చానళ్లలో అంతకంటే పెద్ద వాటాలు టీవీ18కి చేరాయి. మా టీవీని 2015లో స్టార్ కొనుక్కుంది. టీవీ9 2018లో అలందా మీడియా చేతికి వెళ్లింది. ఇవన్నీ పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి పటమట వైపు, లబ్బీపేట వైపు కరెంటు స్తంభాలు పట్టుకుని వెళ్లే నల్ల తీగ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1991 గల్ఫ్ యుద్ధం తరువాత ఊరూరా డిష్‌లు లేచాయి. ఓ డాబా మీద డిష్, కింద గదిలో ఒక వీసీఆర్, నాలుగు వీధులకు తీగ: కేబుల్ టీవీ అంటే అంతే. చట్టం వచ్చింది 1995లో. అప్పట్లో హెడ్ పోస్టాఫీసులో నమోదు చేసుకుంటే చాలు, ఆపరేటర్ అయిపోయినట్టే. ఆ కంట్రోల్ రూముల్లోనే లోకల్ చానల్ పుట్టింది. రాత్రి పూట సినిమా, కింద పుట్టినరోజు శుభాకాంక్షల స్క్రోలింగ్, మధ్యలో బట్టల కొట్టు ప్రకటన. మెల్లగా వార్తలూ వచ్చాయి. వార్డులో కుళాయి నీళ్లు, మున్సిపల్ కౌన్సిల్ గొడవ, ఇంద్రకీలాద్రిపై దసరా రద్దీ... హైదరాబాద్ బులెటిన్‌లో ఎన్నడూ చోటు దొరకని విజయవాడ అందులో కనిపించేది.

జీ గ్రూపు 1994లో మొదలుపెట్టిన సిటీ కేబుల్ విజయవాడలో ఇంటింటి పేరైంది. అందులో సగం వాటా ఒకప్పుడు రూపర్ట్ మర్డోక్ సంస్థదని బిల్లు కట్టినవాళ్లలో ఎంతమందికి తెలుసు? 1999లో మర్డోక్‌తో తెగదెంపులు చేసుకుంటూ, జీ చానళ్లలోని వాటాలతో పాటు ఆ సగాన్నీ సుభాష్ చంద్ర వెనక్కి కొనుక్కున్నారు. మొత్తం ఒప్పందం విలువ 29.65 కోట్ల డాలర్లు. సిటీ నెట్‌వర్క్స్‌గా పేరు మారిన ఆ సంస్థ అప్పుల పాలై, 2023 ఫిబ్రవరిలో ముంబయి ఎన్‌సీఎల్‌టీలో దివాలా ప్రక్రియకు చేరింది. ఇన్ని మలుపుల్లో ఏ ఒక్కదాంట్లోనూ విజయవాడ ప్రేక్షకుడి మాటకు చోటు లేదు.

తీగ చేతిలో ఉన్నవాడి బలం అనలాగ్ రోజుల్లోనే తెలిసొచ్చింది. పాత టీవీ సెట్లకు మొదటి పది పన్నెండు నంబర్లే బాగా అందేవి. పైకి పోయేకొద్దీ బొమ్మ మీద చుక్కలు, గొంతులో గరగర. ఆ ముందు నంబర్ల కోసం చానళ్లే ఆపరేటర్లకు క్యారేజ్ ఫీజు కట్టాయి. ప్రేక్షకుడు నెల నెలా డబ్బులిచ్చేవాడు, చానలూ ఇచ్చేది. ఏది స్పష్టంగా కనిపించాలో నిర్ణయించేది ఆపరేటరే. విజయవాడ మూడో దశ డిజిటలీకరణలోకి వచ్చింది, దాని గడువు 2015 డిసెంబరు 31. సెట్‌టాప్ బాక్సు చుక్కల్ని పోగొట్టింది. అదే బాక్సు, కంట్రోల్ రూములో కూర్చుని ఒక చానల్‌ను ఇంటింటా ఒకేసారి ఆపేసే వీలునూ ఇచ్చింది.

ఆ వీలును వాడుకోవడంలో ఏ పార్టీ హయామూ వెనకబడలేదు. 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆగాయి. 2016 జూన్‌లో కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం దీక్ష సమయంలో ఆంధ్రలో సాక్షి ఆగింది. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 వంతు. 2024లో మళ్లీ సాక్షి వైపు.

ఇందులో ప్రభుత్వం పక్కన నిలబడి చూసే పెద్దమనిషి కూడా కాదు. 2015లో ఏర్పడిన ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నది అప్పటి హామీ. పల్లెకు ఇంటర్నెట్ చేర్చడం మంచి పనే, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ రాష్ట్ర ప్రభుత్వాలు, రాజకీయ పార్టీలు ప్రసార, పంపిణీ రంగాల్లోకి రాకూడదని నియంత్రణ సంస్థ ట్రాయ్ 2008 నుంచీ చెబుతోంది, 2014 ఆగస్టులోనూ చెప్పింది. మరుసటి ఏడాదే ఫైబర్‌నెట్ వచ్చింది. వార్తల్లో ప్రతిరోజూ నిలదీతకు గురికావలసిన ప్రభుత్వమే ఆ వార్తలు వచ్చే తీగకు యజమాని అయింది.

ఈ పెద్దల పోట్లాటలో నలిగింది లోకల్ వార్త. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ ఇళ్లలో కరెంటే లేదు, ఇక టీవీ మాటెక్కడ? కానీ మునగని పేటల్లో కూర్చుని అయినవాళ్ల కోసం ఆరాటపడినవాళ్లకు కావలసింది ఏ వీధిలో నీళ్లు ఎంత లోతున్నాయి, పడవ ఎటు వెళ్లింది, పాలు ఎక్కడ పంచుతున్నారు అన్న సమాచారం. రాష్ట్రమంతటికీ చూపించాల్సిన ఉపగ్రహ చానల్ వీధి వీధికీ తిరగలేదు. ఆ పని లోకల్ చానల్‌ది.

దానికి చట్టంలో చోటు ఇంకా మిగిలే ఉంది. కేబుల్ సంస్థలు సొంతంగా నడిపే చానళ్లకు కేంద్రం 2022 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. మొత్తం చానళ్ల సామర్థ్యంలో 5 శాతం దాకా అవి ఉండొచ్చు, ఒక్కోదానికి నమోదు రుసుము వెయ్యి రూపాయలే. ఫైబర్‌నెట్ తీగ ప్రభుత్వానిదే కావచ్చు, అందులో ఏ వార్తా చానల్ ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించే అధికారం మాత్రం దాని చేతిలో ఉండకూడదు. ఆ జాబితాను ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించాలి. ఏ చానల్‌ను ఆపినా ఎవరి ఆదేశంతో, ఏ కారణంతో ఆపారో రాతపూర్వకంగా అదే రోజు బయటపెట్టాలి. ఈ మాట 2019లో అడగనివాళ్లు 2024లో అడిగారు, 2019లో అడిగినవాళ్లు ఇప్పుడు అధికారంలో ఉన్నారు.