ఓడ దిగినోళ్ల ఎనిమిది గంటలు ఎవరివి?

విశాఖకి టూరిస్టు ఓడలొస్తాయి, జనం దిగుతారు, ఇంక ఉత్తరాంధ్రకి డబ్బే డబ్బు అని ఊదరగొడతన్నారు. డబ్బు వస్తాది, కాదనను. ఎవరి జేబులోకి పోతాది అన్నదే నా పేచీ.

పోర్టులో సుమారు 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రి శర్బానంద సోనోవాల్ వచ్చి తెరిచారు. రెండు వేల మంది ప్రయాణికుల ఓడ కూడా ఆగొచ్చన్నారు. టెర్మినల్ లేకముందే, 2022 జూన్‌లో, చెన్నై నుంచి కార్డీలియా ఓడ వచ్చింది. అది వచ్చిన రోజుకి వేట నిషేధం ఇంకా తీరలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలకూడదు. అంటే ఓడలో వచ్చినోళ్లు డెక్కు మీద నిలబడి మన సముద్రం చూస్తంటే, ఆ సముద్రం మీద బతికేవోళ్లు పక్కనే ఫిషింగ్ హార్బర్లో బోట్లు కట్టేసుకుని కూకున్నారు. టెర్మినల్ తెరిచిన రెండు నెలలకే, నవంబర్ 19 రాత్రి, అదే హార్బర్లో నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి చదివినోళ్లు తక్కువ.

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. ఓడ పొద్దున్న వచ్చి సాయంత్రం పోతాదనుకోండి. పైకి పదిగంటలు. దిగడానికి, తనిఖీలకి ఒక గంట. బయలుదేరడానికి కనీసం అరగంట, గంట ముందే వెనక్కి ఎక్కాల. మిగిలింది ఎనిమిది. మన టూరిజం పోస్టర్ మీద ఏటుంటాది? అరకు, బొర్రా గుహలు. అరకు నూటపదిహేను కిలోమీటర్ల దూరం, ఘాట్ రోడ్డు. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. బస్సు అద్దాల్లోంచి కొండలు చూసి తిరిగొచ్చేస్తారు. దారిలో గిరిజనుల దగ్గర కాఫీ తాగడానికి కూడా టైముండదు.

పైగా ఓడ కంపెనీలు ఆ బస్సు టూర్లు ఓడలోనే అమ్ముతాయి. టికెట్లో వాటి వాటా వాటికి పోతాది. కంపెనీ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతాది, సొంతంగా ఆటో ఎక్కి తిరిగినోడు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఈ ఒక్క భయం చాలు, జనం గుంపుగా కంపెనీ బస్సే ఎక్కడానికి. తిండి ఎలాగూ టికెట్లోనే కట్టేశారు. మరింక మన హోటలోడికి ఏటి మిగులుతాది? చెప్పుకోదగ్గ ఖర్చు పెట్టేవోళ్లు ఎవరో తెలుసా? ఓడలో పనిచేసేవోళ్లు. వంటోళ్లు, గదులు తుడిచేవోళ్లు. నెలల తరబడి నీళ్ల మీదుండి, రెండు గంటలు సెలవు దొరికితే బయటికొచ్చి కడుపునిండా తింటారు, సిమ్ము కొంటారు, ఇంటికి ఫోను చేస్తారు. వాళ్లని టూరిస్టులని ఏ పోస్టరూ అనదు.

అలాగని ఓడలే వద్దంటానా? అనను. వేరే ఊళ్లు ఏం చేశాయో చూడండి. అమెరికాలో అలాస్కాలోని జూనో అనే ఊళ్లో జనాభా ముప్పై రెండు వేలు. దిగే ప్రతి మనిషి మీదా అయిదు డాలర్లు రుసుం పెట్టాలని 1999లోనే ఓటేసి తెచ్చుకున్నారు. ఇప్పుడు రోజుకి పదహారు వేల మందికి మించకూడదని కంపెనీలతో ఒప్పందం కూడా చేసుకున్నారు. వెనిస్‌లో అయితే నడి ఊళ్లో కాలవలోంచి పెద్ద ఓడలు పోకుండా 2021లో ఆపేశారు. మనకి అంత రద్దీ ఇంకా రాలేదు. షరతులు పెట్టుకోవడానికి ఇదే మంచి అదును. రద్దీ వచ్చాక అడిగితే కంపెనీ మన మాట వినదు.

నన్నడిగితే ఆ ఎనిమిది గంటల్ని అరకు దాకా సాగదీయొద్దు. రేవు దగ్గరే పాతపట్నం ఉంది. వెంకటేశ్వర కొండ మీద గుడి, దర్గా కొండ మీద దర్గా, రాస్ కొండ మీద చర్చి, మూడూ పక్కపక్కనే రేవుకి కాపలా ఉన్నట్టుంటాయి. అక్కడ నుంచి కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్. ఇంకా టైముంటే బీచి రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్. అన్నీ ఆటో దూరం. ఈ కథ చెప్పడానికి ఢిల్లీ నుంచి గైడు దిగక్కర్లేదు, జాలారిపేట గుంటడు చాలు. కాపోతే వాడికి లైసెన్సు, నాలుగు ముక్కలు ఇంగ్లీషు, గేటు లోపలికి వెళ్లే పాసు కావాల. ఆ మూడోదే దొరకదు. ఆటోలకి రేటు బోర్డూ, ప్రీపెయిడ్ కౌంటరూ పెడితే బేరం గొడవ కూడా ఉండదు.

ఏటికొప్పాక బొమ్మల సంగతీ అంతే. టూరిస్టుని వరాహ నది ఒడ్డుకి తీసుకెళ్లడం అవ్వదు. అంకుడు కర్రకి లక్క పూసే ఆ మనిషినే టెర్మినల్లో కూకోబెట్టండి. బొమ్మ చేతిలో తిరుగుతా రంగెక్కడం కళ్లారా చూసినోడు కొంటాడు. అరకు కాఫీ కూడా అక్కడే కాచి పొయ్యొచ్చు. కాకపోతే ఆ దుకాణాల టెండరు ఎవరికి పోతాదన్నది చూడాల. పెద్ద కంపెనీకి పోతే ఆ బొమ్మే మూడింతల రేటుకి గాజు అద్దాల వెనక ఉంటాది.

ఇంకోటి, సముద్రం. అంతర్జాతీయ మార్పోల్ నిబంధనల ప్రకారం తీరానికి పన్నెండు నాటికల్ మైళ్లు దాటాక శుద్ధి చెయ్యని మురుగు కూడా వదలొచ్చు. మన మరబోట్లు ఆ గీత దాటే వేటకెళ్తాయి. దీని గురించి వేటగాళ్ల సంఘాలతో ముందే కూకుని మాట్లాడాల.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పోర్టు కేంద్రం చేతిలోది. దానికి సమాచార హక్కు కింద తెలుగులోనే దరఖాస్తు రాయొచ్చు, పది రూపాయలు ఫీజు, ముప్పై రోజుల్లో జవాబియ్యాల. టెర్మినల్ తెరిచిన్నాటి నుంచి ఎన్ని ఓడలొచ్చాయి, ఒక్కో ఓడ నుంచి పోర్టుకి ఎంతొచ్చింది, లోపలి దుకాణాలు ఎవరి పేరు మీదున్నాయి, గైడు పాసులు ఎంతమందికి ఇచ్చారు అని అడగండి. జవాబొస్తే ఇక్కడికి పంపండి, ఉన్నదున్నట్టు వేద్దాం.