శ్రీనగరమున బాదముపూత

కాశ్మీరమున డిసెంబరు 21వ తేది మొదలు 40 దినములు చలి కడు తీవ్రము. పిదప 20, ఆపై 10 దినములు కొంత కొంత తగ్గును. ఆ 70 దినములును అచటి గృహిణులు ఫెరన్ అను నిలువుటంగీలోపల కాంగ్డీ యను చిన్న కుంపటి నుంచుకొని, వేసవిలో తామే యెండబెట్టిన వంకాయ, సొరకాయ వరుగులతో వంట సాగింతురు. మార్చిలో శ్రీనగరపు హరిపర్వతము దిగువ బాదమ్‌వారీ తోట పూచినంతనే, రాగి సమావారులలో తేనీరు నింపుకొని, ఇంటిల్లపాదియు చెట్లక్రిందికి పోవుదురు. పూత కొలదిదినములే నిలుచును. ఇంటిపని తీరిన పిమ్మట చూతమన్నవారికి ఆకులే మిగులును.

పిమ్మట ట్యూలిప్ తోట పూచును. దానిని చూడబోవు మనవారిలో ఇల్లాలిని ఇంటికి కావలియుంచి పోవువారును గలరు. అది మాకు సమ్మతము గాదు. ఇంట మిగిలినవారికి వంట యెట్లందురా? వరుగులున్నవి గదా!