టోల్‌పడిల్ పాటలు, మన చెరువు గట్లు

ఇంగ్లండులో డార్సెట్ జిల్లాలో టోల్‌పడిల్ అనే చిన్న పల్లె ఉంది. ఏటా జూలైలో, అంటే అక్కడి వేసవిలో, ఆ పల్లెలో పాటల పండుగ జరుగుతుంది. జనం పిల్లాజెల్లాతో వచ్చి పొలాల్లో గుడారాలు వేసుకుంటారు. పిల్లలకు ఆటలు, పెద్దలకు పాటలు, నడుమ నడుమ ఉపన్యాసాలు. బిల్లీ బ్రాగ్ వంటి పేరున్న గాయకుడు పలుమార్లు వచ్చి పాడాడు. ఆదివారం నాడు సంఘాల జెండాలతో, బ్యాండు మేళాలతో ఊరేగింపు. దీన్ని నడిపేది సినిమా కంపెనీ కాదు, బ్రిటిష్ కార్మిక సంఘాల సమాఖ్య.

ఎక్కడో దొరల దేశంలో పాటలు పాడుకుంటే మనకేం అంటారా? అది వ్యవసాయ కూలీల పండుగ. మనవాళ్ళ పండుగ.

1830 తర్వాత ఆ పల్లెలో వారానికి 9 షిల్లింగుల కూలిని 8కి, తర్వాత 7కి దించారు. 6కి దించుతామని బెదిరించారు. జార్జి లవ్‌లెస్ అనే కూలీ తోటివాళ్ళను కూడగట్టి సంఘం పెట్టాడు. సంఘం పెట్టడం అప్పటికి నేరం కాదు. అందుకని, రహస్య ప్రమాణం చేశారంటూ, నౌకాదళ తిరుగుబాటును అణచడానికి 1797లో చేసిన చట్టాన్ని బయటికి లాగారు. 1834లో ఆరుగురికి ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడెక్కించారు. శిక్ష పడిన నాడు లవ్‌లెస్ ఒక పద్యం రాసి, జైలుకు తీసుకుపోతుంటే దారిలో జనం వైపు విసిరాడు. కాపలావాళ్ళు ఆ కాగితం లాక్కుని జడ్జి దగ్గరికి పరుగెత్తారు. కూలివాడి పద్యమంటే అంత భయం!

దేశమంతా గోల చేస్తే 1836లో క్షమాపణ ఇచ్చారు. ఆరుగురిలో జేమ్స్ హామెట్ ఒక్కడే చివరిదాకా సొంత ఊళ్ళో బతికాడు. ముసలితనంలో చూపు పోయి, 1891లో బీదల శాలలో చనిపోయాడు. 1934లో గాని అతని సమాధికి రాయి పడలేదు. పండుగ నాడు దాని మీదే పూలు పెడతారు. చంటిపిల్లలు కూడా ఆ పేరు వింటూ పెరుగుతారు.

మనం జూలై 4న దొడ్డి కొమరయ్య పటానికి దండ వేసి, ప్రసంగం చేసి లేస్తాం. పిల్లల చెవిన ఆ పేరు పడేదెట్లా? సభ అంటే మైకు, బల్ల, ఆరుగురు వక్తలు. చంకలో బిడ్డతో వచ్చిన తల్లి మూడో వక్త లేచేసరికి పొయ్యి గుర్తొచ్చి ఇంటికి పోతుంది. ఆడవాళ్ళలో చైతన్యం లేదని నాయకులు విసుక్కుంటారు. మడిలో వంగి పాట ఎత్తుకుని ముప్పై మంది చేత వంత పాడించేది ఆ మనిషే! ఈ సంగతి 1943లో పుట్టిన ప్రజానాట్యమండలికి తెలుసు. నాజర్ బుర్రకథకు జనం సంసారాలతో సహా వచ్చేవాళ్ళు.

పాటలతో కూలి పెరుగుతుందా? పెరగదు. టోల్‌పడిల్‌లో పండుగ జరుగుతూ ఉండగానే, ఇంగ్లండులో వ్యవసాయ కూలి రేట్లు నిర్ణయించే మండలిని 2013లో ఎత్తేశారు. ఇప్పుడక్కడ పండ్లు కోసేవాళ్ళలో చాలామంది ఆరు నెలల వీసా మీద వచ్చిన పరదేశీ కూలీలు. ఊరేగింపులో ముందు నడవాల్సింది వాళ్ళేనని మా అభిప్రాయం. అయితే సమ్మె నాడు ఇంటిల్లిపాదీ నిలబడాలంటే, సంఘం ఇంటిల్లిపాదిదీ కావాలి గదా.

జూలై మనకు నాట్ల కాలం. ఒక్క రోజు కూలి పోయినా కష్టం. అందుకని వైశాఖంలో, ఏరువాకకు ముందు, వెన్నెల రాత్రి చెరువు గట్టున పెట్టుకుందాం. ఫ్లెక్సీలు వద్దు, డీజే పెట్టెలు వద్దు. ఇంటికి సోలెడు బియ్యం, కుండెడు మజ్జిగ చాలు. వంట మగవాళ్ళు చెయ్యాలి. తాగి వచ్చినవాడు సంఘ కార్యదర్శి అయినా సరే, గట్టు ఎక్కనివ్వరాదు. మైకు ముందుగా నాట్ల పాటలు పాడే ఆడవాళ్ళకివ్వాలి. నాయకులకు పది నిమిషాలు. ఏ ఊరి గట్టో మండల కమిటీలు ఉగాదిలోగా తేల్చాలి.