ప్రోగ్రెస్ కార్డులో కనిపించని చదువు: మొదటి టర్మ్‌లో మన చిన్నారులకు నిజంగా ఏం వచ్చింది?

వరంగల్: జూన్ 12న బడులు తెరిచారు. రెండు ఫార్మేటివ్ పరీక్షలు అయిపోయాయి, దసరాకు సుమారు రెండు వారాల సెలవులు గడిచాయి, అక్టోబర్‌లో సమ్మేటివ్-1 కూడా ముగిసింది. ఇక ప్రోగ్రెస్ కార్డులు ఇళ్లకు వచ్చే సమయం. కొత్తవాడ గల్లీల్లో మగ్గం గుంతలోంచి లేచిన తండ్రి చేతులు తుడుచుకుని కార్డు అందుకుంటాడు. 'ఏ' గ్రేడ్ ఉంటే అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని సంతకం పెడతాడు. 'సీ' ఉంటే బిడ్డకు రెండు తిట్లు, రేపటి నుంచి ట్యూషన్. ఎలా ఉన్నా కార్డు మళ్లీ బడికే పోతుంది.

అయితే ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఈ బిడ్డ ముందు ఎప్పుడూ చూడని నాలుగు లైన్లు పెడితే, చదివి అర్థం చెప్పగలడా? ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. కార్డులో దీనికి జవాబు ఉండదు.

టర్మ్ అంటే ఎన్ని గంటలు?

2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. సగం ఏడాదికి 100 రోజులు, 400 గంటలు. ఇందులోనే తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, కొన్ని బడుల్లో ఉర్దూ అన్నీ సర్దాలి.

మేనమామ ఇంట్లో షాదీ అని, తర్వాత వలీమా అని, ఆ తర్వాత చిన్న జ్వరమని పది రోజులు బడి మానితే 40 గంటలు పోయినట్టు. టర్మ్‌లో పదో వంతు. పెద్ద తరగతుల్లో పోయిన పాఠాన్ని పక్కవాడి నోట్‌బుక్ చూసి రాసుకోవచ్చు. ఒకటో తరగతిలో అది కుదరదు. గుణింతం నేర్పిన వారం బడికి రాని బిడ్డకు ఆ తర్వాత వచ్చే ప్రతి పదమూ గోడలాగే కనిపిస్తది.

ఏం రావాలి, ఏం వస్తోంది?

2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ఈ లక్ష్యాలను స్పష్టంగా పెట్టింది. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు చిన్న పదాలున్న వాక్యాలు చదవాలి, 99 వరకు అంకెలు చదివి రాయాలి, చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. రెండులో నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థంతో చదవాలి, 999 వరకు సంఖ్యలు రావాలి. మూడులో కనీసం 60 పదాలు చదవాలి, 9999 వరకు సంఖ్యలు, చిన్న గుణకారాలు రావాలి. మన రాష్ట్రంలో ఇదే పని కోసం 2022 ఆగస్టు 15న 'తొలిమెట్టు' మొదలైంది.

మరి దేశమంతా చూస్తే ఎక్కడున్నాం? 2024 డిసెంబర్ 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌లో సుమారు 21 లక్షల మంది పిల్లలను పరీక్షించారు. మూడో తరగతిలో 99 వరకు సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేర్చగలిగింది 55 శాతమే. గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన అసర్ 2024 సర్వేలో, ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం. అంటే నలుగురిలో ఒక్కరు కూడా కాదు. అదే బడుల్లో ఐదో తరగతికి వచ్చినా ఇది 44.8 శాతమే.

చదవలేకపోతే పై తరగతికి ఎలా పోతున్నారని అడగొచ్చు. విద్యా హక్కు చట్టం వచ్చాక చిన్న తరగతుల్లో పిల్లలను ఫెయిల్ చేయడం లేదు. అది మంచిదే, లేకుంటే పేదింటి పిల్లలే ముందు బడి మానేస్తారు. కానీ పై తరగతికి పోవడమే చదువు వచ్చిందనడానికి రుజువు అనుకోవద్దు.

మార్కుల సంగతీ ఇంతే. ఫార్మేటివ్‌లో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్ అన్నిటికీ మార్కులుంటాయి. బోర్డు మీదిది చూసి ముత్యాల్లా దించే బిడ్డకు, పాఠం మొత్తం కంఠస్థం చేసిన బిడ్డకు మంచి మార్కులే రావచ్చు. పేజీ తిప్పి వేరే పాఠం పెడితే అసలు సంగతి బయటపడతది.

నాలుగు లిపుల మధ్య బిడ్డ

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. కొత్తవాడలో ఆరేళ్ల బిడ్డ దినచర్య చూడండి. ఇంట్లో ఉర్దూనో తెలుగో, చాలా ఇళ్లలో రెండూ. గల్లీలో తెలుగు. బడిలో ఇంగ్లిష్, ఎందుకంటే 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. 2018 చట్టంతో ఏ బడిలోనైనా తెలుగు చదవక తప్పదు. అసర్, మగ్రిబ్ వేళల్లో మక్తబ్‌లో అరబీ ఖాయిదా. రెండు లిపులు ఎడమ నుంచి కుడికి, రెండు కుడి నుంచి ఎడమకు.

'ఇన్ని భాషలతో బిడ్డ బుర్ర పాడవుతది, ఒకటి మాన్పిద్దాం' అని కొందరు అనుకుంటారు. మాన్పించాల్సిన పని లేదు. ఒకచోట నేర్చింది ఇంకోచోట అక్కరకు వస్తది. ఖాయిదాలో ఉస్తాద్ జబర్, జేర్, పేష్ పెట్టి ఒకే అక్షరాన్ని మూడు రకాలుగా పలికిస్తారు. తెలుగు టీచర్ నేర్పే గుణింతంలోనూ అదే కీలకం: హల్లు ఒకటే, పక్కన చేరే గుర్తును బట్టి ధ్వని మారుతుంది. బ, బి, బు రెండు చోట్లా ఉన్నాయి. ఈ సంగతి బిడ్డకు ఒక్కసారి చూపిస్తే రెండు చదువులూ తేలికవుతాయి.

అలాగే ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాల దగ్గర చాలామంది పిల్లలు తడబడతారు. ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డకు అవి ఖానా, ఘర్, ధూప్, భాయి అని రోజూ నోట్లో నానే శబ్దాలే. అదే బిడ్డకు 'ళ', 'ణ' కష్టం, ఎందుకంటే ఉర్దూలో అవి లేవు. 'కళ్లు' అనడానికి 'కల్లు' అంటే అది తెలివితక్కువతనం కాదు, ఇంటి భాష ప్రభావం. టీచర్‌కు ఈ మాట చెబితే చాలు.

అసలు సమస్య భాషలు ఎక్కువ కావడం కాదు, ఏ ఒక్క భాషలోనూ బిడ్డ అర్థంతో చదవకపోవడం. మక్తబ్‌లో నాజిరా చదువు లక్ష్యం వేరు. అక్కడ ఉచ్చారణ సరిగ్గా రావడమే ముఖ్యం, అర్థం తర్వాత వస్తుంది. బడి చదువును కూడా మనం అదే కొలతతో చూస్తున్నాం. బిడ్డ ఇంగ్లిష్ పాఠం గడగడా అప్పజెబితే మురిసిపోతున్నాం. అందులో ఏముందో అడగడం లేదు. ఇంటి భాషలో చదువు గట్టిపడితే మిగతా భాషలకు అది పునాది అవుతుంది. వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిందీ అందుకే. బడి ఏ మీడియం అయినా, ఇంట్లో ఒక్క భాషలోనైనా చదివి అర్థం చెప్పడం అలవాటు చేయాలి.

'ఉంతీస్' దగ్గర తిరకాసు

లెక్కల్లోనూ ఇంటి భాష పని చేస్తది. తెలుగులో 'ఇరవై తొమ్మిది' అంటే ఇరవై, పైన తొమ్మిది. మాటలోనే పదులు, ఒకట్లు కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఉర్దూలో 29ని ఉంతీస్ అంటాం. ముప్పైకి ఒకటి తక్కువ అని దాని అర్థం. 'తీస్' వినగానే బిడ్డ చెయ్యి 3 మీదికి పోతే ఆశ్చర్యం లేదు. 39 ఉంతాలీస్, 49 ఉంచాస్ కూడా అలాంటివే. ఉర్దూలో లెక్కపెట్టే పిల్లలకు పదులు, ఒకట్లు విడిగా చూపించాలి. పది రూపాయల నోట్లు రెండు, రూపాయి బిళ్లలు తొమ్మిది ముందు పెట్టి '29 చెయ్యి బేటా' అంటే సరిపోతది.

కొత్తవాడ ఇళ్లలో లెక్కలకు కొరత లేదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలకు ఈ వాడే పేరుపడ్డ చోటు. పడుగు పోగులు లెక్కపెట్టడం, పట్టెల రంగులు వరుస తప్పకుండా వేయడం, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు కొలవడం అంతా గణితమే. బిడ్డను మగ్గం పనికి పెట్టమని కాదు, ఆ వయసులో వాళ్ల పని చదువే. పక్కన కూర్చున్నప్పుడు 'ఈ పట్టెలో ఎరుపు ఎన్ని వరుసలు, నలుపు ఎన్ని, ఏది ఎక్కువ, ఎంత ఎక్కువ' అని అడిగితే తీసివేత లెక్క అక్కడే అర్థమవుతది.

ఐదో తరగతి కోసం ఎదురుచూస్తే?

'ఇప్పుడు ఎట్లయినా, ఐదులో మైనారిటీ గురుకులంలో సీటు వస్తే బిడ్డ దారిలో పడతాడు' అనే ఆశ చాలా ఇళ్లలో ఉంది. ఆ ఆశ తప్పు కాదు. 2016లో 71 బడులతో మొదలైన మైనారిటీ గురుకులాలు తర్వాత 204కు పెరిగాయి. కానీ అక్కడ ప్రవేశం ఐదో తరగతి నుంచే. అప్పటికి ఒకటి నుంచి నాలుగు వరకు ఎనిమిది టర్మ్‌లు గడిచిపోతాయి. మూడో తరగతి దాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, ఆ తర్వాత చదివి నేర్చుకోవాలి. చదవడమే రాని బిడ్డకు ఐదులో సైన్స్, సోషల్ పుస్తకాలు బరువే తప్ప ఉపయోగం ఉండదు. హాస్టల్ మంచిదైనా వెనకబడ్డ బిడ్డ అక్కడ ఇంకా ముడుచుకుపోతాడు.

టీచర్ల మీద నింద వేసి తప్పించుకోవడమూ సరికాదు. చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులు వాళ్లిద్దరే చూడాలి. ఇది ప్రభుత్వం సరిచేయాల్సిన లోటు, దాన్ని గట్టిగా అడగాల్సిందే. అలాగని అది సరయ్యే దాకా మన బిడ్డ రెండో తరగతి ఆగదు.

ఇంట్లో పది నిమిషాలు

కార్డు మీద సంతకం పెట్టే ముందు ఈ నాలుగు పనులు చేయండి. చదువు రాని తల్లిదండ్రులు కూడా చేయగలరు.

ఒకటి: బడి పుస్తకం కాకుండా వేరే కాగితం ఇవ్వండి. పత్రికలో పిల్లల పేజీ, షాపు బోర్డు, షాదీ రుఖా ఏదైనా సరే. చదివించి, 'ఏం రాసుంది, నీ మాటల్లో చెప్పు' అనండి. ఇంగ్లిష్ అయితే అర్థం తెలుగులోనో ఉర్దూలోనో చెప్పమనండి. మీకు ఇంగ్లిష్ రాకున్నా, బిడ్డ చెప్పేది సంగతిగా ఉందో లేదో తెలిసిపోతది.

రెండు: క్యాలెండర్ ముందు పెట్టి 'వచ్చే జుమా ఏ తారీఖు, ఇంకా ఎన్ని రోజులుంది' అని అడగండి.

మూడు: రెండు, మూడు తరగతుల పిల్లలకు 43 రూపాయలిచ్చి 27 ఖర్చయితే ఎంత మిగులుతుందో నోట్లు, బిళ్లలతో చేయించండి. ఒకటో తరగతికి 20 లోపు చాలు.

నాలుగు: ఈ రోజు ఏం జరిగిందో రెండు వాక్యాలు సొంతంగా రాయమనండి. తప్పులు పర్లేదు. చూసి రాయకుండా రాస్తున్నాడా లేదా అన్నదే చూడండి.

ఎక్కడ ఆగిపోయాడో గుర్తుపెట్టుకుని పేరెంట్ మీటింగ్‌కు పోండి. 'మావాడు ఎట్ల చదువుతుండు సార్' అంటే 'బాగానే' అనే జవాబే వస్తది. దానికి బదులు, ప్రభుత్వ బడి అయితే 'తొలిమెట్టు బేస్‌లైన్‌లో ఎక్కడున్నాడు, ఇప్పుడు ఎక్కడున్నాడు' అని అడగండి. 'గుణింతాల దగ్గర ఆగుతున్నాడు, ఏం చేయిద్దాం మేడమ్' అనండి. ప్రైవేటు బడుల్లో తొలిమెట్టు ఉండదు కాబట్టి ఫీజు కట్టే తల్లిదండ్రులు ఈ పరీక్ష ఇంట్లో మరింత శ్రద్ధగా చేయాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది బిడ్డను తిట్టడానికి పెట్టే పరీక్ష కాదు. రానిది తెలిస్తేనే నేర్పగలం. ఏడాదిలో ఇంకా సగం మిగిలే ఉంది, ఇంకో వంద రోజులు. రోజూ రాత్రి ఇషా తర్వాత పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క పేజీ చదివించి, ఒక్క ప్రశ్న అడిగితే, ఏప్రిల్‌లో వచ్చే కార్డు మీద ధైర్యంగా సంతకం పెట్టొచ్చు, ఇన్‌షా అల్లాహ్.