పటము చదువరాని చదువు

పదవ తరగతి పరీక్షలు ముగిసిన మరునాడే మన పిల్లలలో పెక్కుమంది భూగోళ శాస్త్రమునకు శాశ్వతముగా వీడ్కోలు చెప్పుచున్నారు. అంతవరకు అది సాంఘిక శాస్త్రమను ఉమ్మడి కుటుంబములో, చరిత్ర, పౌరశాస్త్ర, అర్థశాస్త్రముల నడుమ, ఒక మూల తలదాచుకొని యుండును. ఇంటర్మీడియెట్టులో ఎం.పి.సి.కి పోయినవానికి గాని, బై.పి.సి.కి పోయినవానికి గాని అది మరల కంటబడదు. ఐచ్ఛిక విషయముల పట్టికలో దాని పేరు లేకపోలేదు. దానిని బోధించు కళాశాలను వెదకి పట్టుకొనుటయే దుర్ఘటము. కేంద్ర బోర్డు పాఠశాలలలో పదునొకండు, పండ్రెండు తరగతులందు భూగోళము స్వతంత్ర విషయముగా నున్నది, ప్రయోగ పాఠములును గలవు. కాని అక్కడను సామాన్యముగా విజ్ఞానశాస్త్ర విద్యార్థి దాని దరికి పోడు.

పోయిన నష్టమేమి యని అడుగువారున్నారు. నదుల పొడవులు, పర్వతముల ఎత్తులు, రాజధానుల పేర్లు చేతిలోని ఫోనే చెప్పుచుండగా వల్లించుట యెందులకని వారి వాదము. వారు భూగోళమని తలచుచున్న దానిని గూర్చి ఆ మాట నిజమే. తీరరేఖ సంగతియే చూడుడు. భారతదేశ తీరరేఖ పొడవు 7,516 కిలోమీటర్లనియు, ఆంధ్రప్రదేశ్ తీరము 974 కిలోమీటర్లనియు తరతరముల విద్యార్థులు కంఠస్థము చేసిరి. ఇటీవల కేంద్రప్రభుత్వము ఆ లెక్కలను సవరించినది. ఇప్పుడు దేశతీరము 11,098 కిలోమీటర్లకు పైబడినది. ఆంధ్రతీరము 1,053 అయినది. సముద్రము వెనుకకు తగ్గలేదు, నేల పెరుగలేదు. వెనుకటి లెక్క మిక్కిలి చిన్న స్కేలు గల పటమునుండి తీసినది; క్రొత్తది వివరము హెచ్చుగా గల పటములనుండి కొలిచినది. వంపులను, పాయల మొగలను, దీవులను ఎంత దగ్గరగా కొలిచిన తీరము అంత పొడవగును. అంకెను వల్లించినవానికి ఇది పాఠ్యపుస్తకములోని తప్పుగా తోచును. కొలత అనునది కొలబద్దను బట్టి యుండునని తెలిసినవానికి ఇందులో గణితము, భౌతికము, భూగోళము మూడును ఒక్కచోట దొరకును. ఇంతకంటె మంచి పాఠము ఎం.పి.సి. విద్యార్థికి ఎవరు చెప్పగలరు?

ఇక ప్రాణములతో ముడిపడిన సంగతి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలగు పేటలు దినముల తరబడి నీట నిలిచినవి. బుడమేరు మైలవరపు కొండల దిక్కున పుట్టి కొల్లేటిలో కలియు వాగు. దాని వరదను కొంత మరలించుటకు వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, కాలువ త్రవ్వి, ప్రకాశం బరాజునకు ఎగువన కృష్ణలోనికి విడిచిరి. ఏర్పాటు మంచిదే. అయితే కృష్ణయే నిండుగా పారునప్పుడు ఆ కాలువ నీరు ఎచ్చటికి పోవలెను? ఆ దినములలో బరాజు వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినది. మరలింపు కాలువకు గండ్లు పడినవి. నీరు తన పాత త్రోవ పట్టినది. ఆ త్రోవలో ఇండ్లున్నవి. ఆ ఇండ్లలో ఇంటర్మీడియెట్టు చదువు పిల్లలెందరో యుండిరి. ద్రవములు మిట్టనుండి పల్లమునకు పారునని వారు భౌతికశాస్త్రములో చదివియే యున్నారు. తమ వీధి మిట్టయో పల్లమో మాత్రము వారికి ఎవరును చెప్పలేదు. ఆ ఇంటి స్థలము కొన్న తండ్రికిని ఎవరును చెప్పియుండరు. వాడును ఒకప్పుడు పదవ తరగతిలో పటమున కృష్ణానదిని గుర్తించి మార్కులు తెచ్చుకొన్నవాడే.

తెలుగు బోధించు నాకు ఈ చర్చలో పనియేమి యన్న, ఒకటి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, మరుసటి యేడు తిరిగివచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. మజిలీల నడుమ దూరము, బాట తీరు, దాటిన యేళ్లు అన్నిటిని ఆయన వ్రాసియుంచెను. తరగతిలో ఆ గ్రంథమును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు గోడకు పటము లేనిదే పాఠము నడువదు. భాషకును నేలకును గల సంబంధము ఇంతటితో ఆగదు. లంక, తిప్ప, దిబ్బ, మడ, కనుమ, చౌడు, వాగు - ఇవన్నియు మన పూర్వులు నేలను చూచి పెట్టిన శాస్త్రీయమైన పేర్లే. మన రేగడియే ఆంగ్ల గ్రంథములలో 'రేగుర్' అయి తిరిగి మన పాఠ్యపుస్తకములలోనికి పరదేశివలె వచ్చినది! కార్తెల మాటయు అంతే. సూర్యగమనమును బట్టి సంవత్సరమును ఇరువదియేడు భాగములు చేసి, మృగశిరకు తొలకరి నెదురుచూచిన రైతు ఋతుపవనముల పాఠము చదువకయే నేర్చెను. అనంతపురమున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే యేల కురియునో, పడమటి కనుమల చాటు దానికెట్లు కారణమో ఆ జిల్లా బాలునికి నోటిలెక్కవలె తెలియవలెను గదా.

ప్రవేశపరీక్షల బరువుతో క్రుంగియున్న పిల్లల నెత్తిన మరియొక విషయమా యని తల్లిదండ్రులు కోపింతురు. ఆ కోపము న్యాయమైనదే. ర్యాంకులు తేని చదువును కళాశాలల యాజమాన్యములు సహింపవను సంగతియు ఎరుగనిది కాదు. కనుక పూర్తి విషయముగా కాకున్నను, రెండేండ్లలో కలిపి ముప్పది గంటల పటపఠనము చాలును. అందును సగము తరగతి గది వెలుపల జరుగవలెను. దూరగ్రాహక పరిశోధనకు జాతీయ కేంద్రము, సముద్ర సమాచారమునకు జాతీయ కేంద్రము హైదరాబాదుననే యున్నవి. వాటి తలుపులు తట్టదగిన పిల్లలు ఎం.పి.సి.లోనే యున్నారని ఎవరైన వారికి చెప్పవలెను.

సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటములు అంతర్జాలమున లభించుచున్నవి. 1:50,000 పటమున ఒక సెంటీమీటరు అర కిలోమీటరు. కాని ఉపాధ్యాయులు ఒక సంగతి గమనింపవలెను: ఆ పటములలో ఒక సమోన్నత రేఖకును మరియొక దానికిని నడుమ సామాన్యముగా 20 మీటర్ల అంతరముండును. కొండసీమకు అది చాలును. డెల్టాలో ఊరంతయు రెండు రేఖల నడుమనే ఇమిడిపోవును. ముంచునదియు తేల్చునదియు అక్కడ రెండు మీటర్ల తేడాయే. ఆ రెండు మీటర్లను పిల్లలే కనుగొనవలెను. ఏ గోడమీద వరద చార ఎంత ఎత్తున నున్నదో టేపుతో కొలువవచ్చును. నీరు ఏ వీధికి ముందు వచ్చెనో, ఏ వీధినుండి కడపట పోయెనో ఆ పేటలోని ముసలివారిని అడిగి పటముమీద తేదీతో వ్రాయవచ్చును. అట్టి పటము నొకదానిని జూన్ నెలలో తరగతి గోడకు తగిలించి, వానలు వెలసిన పిదప అందు ఏమేమి దిద్దవలసివచ్చెనో పిల్లలనే అడుగుడు.